డెవలపర్ల కోసమే గేములు కొనడం: కొన్నేళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

ఆడాలన్న కోరికతో కాకుండా, తయారుచేసిన వారికి నాలుగు డబ్బులు అందాలన్న ఉద్దేశంతో వీడియో గేములు కొనే అలవాటును నేను కొన్నేళ్లుగా పాటిస్తున్నాను. నల్గొండలో ఒక జూనియర్ కళాశాలలో పాఠాలు చెప్పుకునే నాకు గేముల కోసం ప్రత్యేకంగా కొన్న కంప్యూటర్ ఏదీ లేదు. గ్రాఫిక్స్ కార్డు లేని పాత లాప్‌టాప్, ఇంటికి వేయించుకున్న ఫైబర్ కనెక్షన్, జీతంలోంచి నెలనెలా పక్కన పెట్టే కొద్ది మొత్తం, ఇవే నా సరంజామా. ఒక వస్తువును వాడి చూసినట్టుగానే ఈ అలవాటునూ వాడి చూశాను కనుక, దానివల్ల డెవలపర్‌కు ఏమి చేరుతుంది, కొన్నవాడికి ఏమి మిగులుతుంది అన్నది రాస్తున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. ఆడే ఉద్దేశం ఉన్న గేమును, ఎదురుచూస్తే చవకగా దొరుకుతుందని తెలిసి కూడా పూర్తి ధరకు కొనడం మంచి మద్దతు. ఆడే ఉద్దేశమే లేని గేమును కొనడం మాత్రం చాలా చేతులు మారి చేరే దానం, దానికి ఇంతకన్నా దగ్గరి దారులు ఉన్నాయి.

ముందు డబ్బు నడిచే దారి చూడాలి. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోరు స్టీమ్‌లో ఒక గేము ధర 500 రూపాయలని కనిపిస్తే అందులోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది, అంటే పన్ను పోగా సుమారు 424 రూపాయలు మిగులుతాయి. ఆ మొత్తంలో 30 శాతాన్ని స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ తన వాటాగా తీసుకుంటే డెవలపర్ వైపు చేరేది దాదాపు 297 రూపాయలు. మధ్యలో పబ్లిషర్, అంటే గేముకు పెట్టుబడి పెట్టి మార్కెట్లోకి తెచ్చే సంస్థ, ఉన్నట్టయితే, ఆ పబ్లిషర్ ముందుగా పెట్టిన పెట్టుబడి వసూలయ్యేదాకా ఆ 297 రూపాయల్లో పెద్ద భాగం, కొన్ని ఒప్పందాల్లో మొత్తం, అక్కడే ఆగిపోతుంది. అదే గేమును సేల్‌లో 75 శాతం తగ్గింపుతో 125 రూపాయలకు కొంటే, ఇదే లెక్కన డెవలపర్ వైపు వెళ్లేది 74 రూపాయలే. కాబట్టి మద్దతు ఇస్తున్నానని చెప్పుకుంటూ సేల్ కోసం ఎదురుచూసేవాడు, తాను ఇవ్వదలచుకున్నదాంట్లో నాలుగో వంతు మాత్రమే ఇస్తున్నాడు. అందులో తప్పేమీ లేదు, దానిని మద్దతు అనకుండా బేరం అంటే సరిపోతుంది.

ఈ వాటాల పద్ధతిలో నాకు ఎప్పుడూ మింగుడుపడనిది ఒకటుంది. 2018 అక్టోబరు నుంచి స్టీమ్‌లో ఒక గేము కోటి డాలర్ల అమ్మకం దాటితే ఆ పై అమ్మకాల మీద వాల్వ్ వాటా 25 శాతానికి, 5 కోట్ల డాలర్లు దాటితే 20 శాతానికి తగ్గుతుంది, అంటే ఉన్నవాడికే రాయితీ. ఆ ఏడాది డిసెంబరులో మొదలైన ఎపిక్ అనే మరో గేముల స్టోరు 12 శాతమే తీసుకుంటూ వచ్చింది, 2025లో ఒక్కో గేముకు ఏడాదిలో వచ్చే మొదటి 10 లక్షల డాలర్ల మీద అసలేమీ తీసుకోకూడదని నిర్ణయించింది. చిన్న డెవలపర్‌కు ఇది ఎంతో మేలైన లెక్క. అయినా నేను ఎపిక్‌లో ఎక్కువగా తెచ్చుకున్నవి వాళ్లు వారం వారం ఉచితంగా పంచేవే, ఎందుకంటే నాకు కావలసిన చిన్న గేములు చాలావరకు అక్కడ కనిపించవు.

కొని ఆడకుండా వదిలేసిన గేముల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నా లైబ్రరీలో అలాంటివి తక్కువేమీ లేవు. డబ్బు వరకు చూస్తే, నేను ఇన్‌స్టాల్ చేసినా చేయకపోయినా డెవలపర్‌కు వాటా చేరుతుంది, అయితే అంతకు మించి ఏదీ చేరదు. స్టీమ్‌లో ఒక గేముకు కనీసం 10 సమీక్షలు వస్తే తప్ప దాని పేరు పక్కన రేటింగ్ కనిపించదు, అంతవరకూ ఆ గేము పేజీకి వచ్చినవాడికి ఆడినవాళ్ల మొత్తం అభిప్రాయం ఒక్క చూపులో తెలియదు. ఆడనివాడు సమీక్ష రాయలేడు, స్నేహితుడికి చెప్పలేడు, ఫలానా స్థాయిలో గేము ఆగిపోతోందని డెవలపర్‌కు తెలియజేయలేడు. ఇంకొక చిక్కు కూడా ఉంది. స్టీమ్ బయట కొన్న కీతో, అంటే గేమును ఖాతాలో చేర్చే కోడ్‌తో, తెరిచిన గేముకు రాసిన సమీక్ష పేజీలో కనిపిస్తుంది గానీ 2016 నుంచి రేటింగ్ లెక్కలోకి రాదు. అందువల్ల ఇప్పుడిప్పుడే విడుదలైన చిన్న గేమును స్టీమ్‌లోనే కొని, కొన్ని గంటలు ఆడి, నచ్చిందో లేదో నిజాయితీగా నాలుగు వాక్యాలు రాయడం, మరొక దారిలో ఎక్కువ డబ్బు పంపడం కన్నా ఒక్కోసారి ఎక్కువ ఉపయోగపడుతుంది.

మా మేనమామది పుట్టపాక, ఆయన ఇక్కత్ నేస్తారు. పాపం చేనేత వాళ్లు కదా అని ఒక చీర కొని బీరువాలో పెట్టుకున్నవాళ్ల వల్ల ఆయనకు ఆ ఒక్క చీర కూలి గిట్టింది. కొన్న చీర కట్టుకుని, ఇదే నమూనా మరో రంగులో కావాలని మళ్లీ ఇంటికి వచ్చినవాళ్ల వల్ల మగ్గం ఆగకుండా నడిచింది. గేముల విషయంలోనూ నేను చూసింది దాదాపు ఇదే.

తెర మీద అక్షరాలే బొమ్మలుగా కనిపించేలా మొదలైన, మరుగుజ్జుల కోటను కట్టి నడిపే డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే గేము చరిత్ర ఇందుకు మంచి సాక్ష్యం. టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు దానిని 2006 నుంచి ఉచితంగా ఇస్తూ, ఆడేవారు పంపే విరాళాల మీదనే బతికారు. వైద్య ఖర్చుల భయం మొదలయ్యాక కిట్‌ఫాక్స్ గేమ్స్ అనే సంస్థతో కలిసి, అక్షరాల స్థానంలో బొమ్మలు, సంగీతం చేర్చిన రూపాన్ని సిద్ధం చేసి, 2022 డిసెంబరులో స్టీమ్‌లో అమ్మకానికి పెట్టారు. నెలకు సుమారు 15 వేల డాలర్లు వచ్చే చోట 2023 జనవరి ఒక్క నెలలోనే 70 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. పాత రూపం ఇప్పటికీ వారి వెబ్‌సైటులో ఉచితంగానే దొరుకుతుంది. ఏళ్ల తరబడి ఉచితంగా ఆడినవాళ్లు ఎందరో కృతజ్ఞత కొద్దీ కొని ఉంటారని నేను అనుకుంటున్నాను, కానీ కృతజ్ఞతతో పాటు వాడుకోవడానికి వీలైన వస్తువు కూడా చేతికి వచ్చింది గనుకనే అంత డబ్బు కదిలింది. నేనూ అలాగే కొన్నాను, నా కోటలు మాత్రం ఇంతవరకు ఒక్క చలికాలాన్నీ సవ్యంగా దాటలేదు.

మన దేశపు గేముల దగ్గరికి వచ్చేసరికి మనసు మెత్తబడుతుంది, అక్కడే జాగ్రత్తగా ఉండాలి. హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లో విడుదల చేసిన అసుర అనే గేమును, మన దగ్గర తయారైందన్న ఒక్క కారణంతో కొన్నాను. ఓడిపోయిన ప్రతిసారీ మళ్లీ మొదటికి రావలసిన తరహా గేములు నాకు మామూలుగా నచ్చవు, దీనిని మాత్రం అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం ఆడాను. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారి రాజీ అనే గేముకు 2017లో, జనం నుంచి డబ్బు సమీకరించే కిక్‌స్టార్టర్ సైటులో తలపెట్టిన నిధుల సేకరణ విఫలమైంది, అయినా వారు వదలకుండా 2020లో విడుదల చేశారు. అందులోని రాజస్థానీ కోటలు, తోలుబొమ్మల నీడలతో చెప్పిన కథాభాగాలు ఎంత బాగున్నాయో, పోరాటం అంత మందకొడిగా ఉంది, ముగింపు ఉన్నట్టుండి తెగిపోయినట్టు ఉంది. ఆ మాటనే సమీక్షలో రాశాను. మనవాళ్లని తప్పులు దాచి పొగిడితే, ఆ మాట నమ్మి కొన్నవాడు తర్వాతి భారతీయ గేము దగ్గరికి రాడు. కేవలం జాలితో కొన్నప్పుడు నోరు మెదపడానికి మొహమాటం అడ్డం వస్తుంది, ఈ అలవాటులో నేను గమనించిన పెద్ద లోపం ఇదే.

కెనడాలో స్థిరపడిన తమిళ కుటుంబం వంటింటి కథ చెప్పే వెన్‌బా అనే గేము 2023లో వచ్చింది. దానిని పూర్తి చేయడానికి రెండు గంటలు కూడా అక్కరలేదు. స్టీమ్ నియమం ప్రకారం కొన్న 14 రోజుల లోపల, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగవచ్చు, అంటే చిన్న గేమును మొత్తం ఆడేసి డబ్బు వెనక్కి తీసుకోవడానికి నియమం అడ్డు చెప్పదు. 2021లో ఎమికా గేమ్స్ అనే చిన్న డెవలపర్, తన భయానక గేమును పూర్తిగా ఆడినవాళ్లలో చాలామంది ఇలాగే వాపసు తీసుకుంటున్నారని చెప్పి, గేముల తయారీ నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. చిన్న గేమును కొని, నచ్చాక వాపసు అడగకుండా ఉండటం కూడా మద్దతే, దానికి కొత్తగా ఒక్క రూపాయి ఖర్చుపెట్టవలసిన పని లేదు.

పెద్ద సంస్థల గేములను ఉద్యోగుల మీద సానుభూతితో కొనడంలో నాకు అర్థం కనిపించలేదు. అక్కడ పనిచేసేవారికి అందేది జీతం, ప్రతి కాపీ మీద వాటా కాదు. టోక్యోలోని టాంగో గేమ్‌వర్క్స్ 2023లో విడుదల చేసిన హై-ఫై రష్ అనే గేముకు ఎన్ని మెప్పులు, అవార్డులు వచ్చినా, 2024 మేలో దాని యజమాని మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోను మూసివేస్తున్నట్టు ప్రకటించింది, తర్వాత క్రాఫ్టన్ అనే కొరియా గేముల సంస్థ దానిని తీసుకోవడంతో అది నిలిచింది. అభిమానులు కొన్న కాపీలు ఆ నిర్ణయాన్ని ఆపలేకపోయాయి. మరొక కొసన, ఎరిక్ బరోన్ ఒక్కడే తయారుచేసిన స్టార్‌డ్యూ వ్యాలీ 2024 చివరినాటికి 4 కోట్ల కాపీలు దాటింది. 2016లో కొన్నవారికి 2024లో వచ్చిన 1.6 అప్‌డేట్ కూడా అదనపు ధర లేకుండానే అందింది. ఆ గేమును ఆడాలనిపిస్తే కొనండి, ఆయనకు ఆసరాగా నిలవడానికైతే అక్కరలేదు.

నిజంగా దానమే చేయాలనుకుంటే ఇచ్ డాట్ ఐఓ సరైన చోటు. 2013లో మొదలైన ఆ స్టోరులో అడిగిన ధరకు మించి ఎంతైనా ఇవ్వవచ్చు, స్టోరుకు ఎంత వాటా వెళ్లాలో డెవలపరే నిర్ణయించుకుంటాడు. ఏమీ మార్చకపోతే అది 10 శాతం, కావాలంటే సున్నా కూడా పెట్టుకోవచ్చు. మన వైపు నుంచి ఉన్న ఇబ్బంది చెల్లింపుదే. స్టీమ్‌లో యూపీఐతో క్షణంలో పని అవుతుంది. ఇచ్‌లో నేను కార్డు వాడవలసి వచ్చింది, దానికి ముందుగా బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలను విడిగా అనుమతించాలి, ఆ మీద బ్యాంకు విదేశీ మారకపు రుసుము పడుతుంది. అంటే ఎక్కువ వాటా తీసుకునే చోట చెల్లించడం తేలిక, తక్కువ వాటా తీసుకునే చోట కష్టం. రెండు, మూడు డాలర్ల గేములను ఒక్కొక్కటిగా కొనే బదులు, నచ్చిన డెవలపర్ ఒక్కరికే ఒకేసారి కొంచెం ఎక్కువ మొత్తం పంపడం నాకు కుదిరిన పద్ధతి.

ఎర్లీ యాక్సెస్ గేముల విషయంలో మాత్రం నేను బాగా పిసినారిని. ఇంకా పూర్తికాని గేమును కొని తయారీకి ఊతమివ్వాలన్నది దాని ఉద్దేశం. నేను కొన్న వాటిలో ఒకటి సగంలోనే ఆగిపోయింది, డెవలపర్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఏడాదికి పైగా అప్‌డేట్ రాని ఇలాంటి గేముల పేజీల మీద స్టీమ్ 2025 నుంచి ఆ సంగతి తెలిపే గమనిక పెడుతోంది, కొనేముందు తప్పకుండా దానిని చూడాలి. ఇప్పుడు ఉన్న స్థితిలోనే ఆ ధర న్యాయమనిపిస్తే కొంటాను, రేపు బాగుపడుతుందన్న ఆశకు డబ్బు పెట్టను.

క్లాక్ టవర్ దగ్గరి నెట్ సెంటర్లలో క్రాక్ చేసిన గేముల సీడీలు చేతులు మారిన రోజులను చూసినవాడిని కాబట్టి, ఇంటర్ పిల్లలు అడిగే ప్రశ్న నాకు వింతగా అనిపించదు. "ఫ్రీగ దొరికేదానికి పైసలెందుకు పెట్టుడు సార్?" అని ఒక అబ్బాయి అడిగాడు. సంపాదన లేనివాడు మద్దతు పేరుతో ఇంట్లో డబ్బు అడగనక్కరలేదని, అలాగని సగం ధరకు కీలు అమ్మే అనామక సైట్ల జోలికి కూడా పోవద్దని చెప్పాను. దొంగిలించిన కార్డులతో కొన్న కీలు అలాంటి చోట్లకు వస్తాయి, కార్డు అసలు యజమాని ఫిర్యాదు చేసినప్పుడు డబ్బు వెనక్కి వెళ్లేది డెవలపర్ ఖాతా నుంచే. తమ గేమును ఆ సైట్లలో కొనడం కన్నా పైరసీ చేసుకోవడమే మేలని కొందరు డెవలపర్లు 2019లో బహిరంగంగా అన్నది అందుకే.

ఆ అబ్బాయి లాంటివారు చేయగలిగినది వేరే ఉంది. ఉచిత డెమో ఆడి, నచ్చితే ఆ గేమును స్టీమ్‌లో విష్‌లిస్టులో, అంటే తర్వాత కొనాలనుకున్నవాటి జాబితాలో, పెట్టుకోవచ్చు. విడుదలకు ముందు తన గేమును ఎంతమంది విష్‌లిస్టులో పెట్టుకున్నారన్న లెక్కను చూసే డెవలపర్ తన అమ్మకాలను అంచనా వేసుకుంటాడు. విష్‌లిస్టులోని గేము విడుదలైనప్పుడు, ఆ తర్వాత 20 శాతం లేదా అంతకు మించి ధర తగ్గినప్పుడు స్టీమ్ మెయిల్ పంపుతుంది. పిల్లలు ఆ రెండో మెయిల్ కోసం ఆగవచ్చు. జీతం అందుకుంటున్న నేను, నా లాప్‌టాప్ మోయగలిగిన గేమైతే, మొదటి మెయిల్‌కే కొంటున్నాను.