బేబీ కార్ సీటు: బకెట్టా, కన్వర్టిబులా? ఐసోఫిక్సా, బెల్టా? ఏది మేలు?

మా వాడికి మూడో నెల రాగానే పుట్టింటి నుంచి అత్తారింటికి ప్రయాణం పెట్టారు. విజయవాడ నుంచి హైదరాబాద్, 270 కిలోమీటర్ల పైమాటే. డిక్కీ నిండా సారె సామాను. వెనక సీట్లో ఎక్కి కూర్చున్న అమ్మ రెండు చేతులూ చాచి "ఇటివ్వవే, ఒళ్లో పడుకోబెట్టుకుంటా" అంది. పక్కనే, ముందు రోజు రాత్రి మా ఆయన సెల్లార్‌లో గంటసేపు కుస్తీ పట్టి బిగించిన బేబీ సీటు. "పసిగుడ్డును అందులో కూర్చోబెట్టి తాళ్లతో కట్టేస్తారా? రామ రామ!"

అమ్మ ఒడి కంటే మెత్తనిది లేదు, ఒప్పుకుంటాను. కానీ కారు దేన్నైనా గుద్దుకున్నప్పుడు మెత్తదనంతో పని లేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణాన ఒంటి మీద పడే బలం మన బరువుకి దాదాపు 14 రెట్లు. ఆరు కిలోల బిడ్డ ఎనభై నాలుగు కిలోలవుతాడు. పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు ఒక్కసారిగా ఒళ్లోంచి ముందుకు ఎగిరితే పట్టుకోగల చేతులు ఎవరికున్నాయి? పట్టుకున్న మనిషికి బెల్టు లేకపోతే ఆ మనిషి బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. పోనీ ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకుందామంటే, అది బిడ్డను పెద్దవాళ్ల ఒంటికీ పట్టీకీ మధ్య నలిపేస్తుంది. అందుకే ఒడి, సీటు అనే పోలికను నేను అసలు లెక్కలోకే తీసుకోను. చట్టం కూడా అదే అంటోంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లు నిండని పిల్లలను బెల్టుతో గానీ పిల్లల సీటుతో గానీ కట్టి కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ఆ చలానా పడినవాళ్లను మాత్రం నేనింతవరకూ చూడలేదు.

ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే గుడ్డ పరుపులు, నాలుగు పట్టీలు కుట్టినవి, వీటిని కూడా పోలికలోంచి తీసేయండి. అవి కూర్చునే దిండ్లు, అంతే. ఇక్కడ కొనే సీటు మీద ఒక స్టిక్కర్ ఉండాలి. గుండ్రటి గీతలో ఇంగ్లిష్ E అక్షరం, పక్కన ఒక అంకె, దాంతోపాటు సీటు నెగ్గిన భద్రతా ప్రమాణం పేరు, ఆర్44/04 అనో ఆర్129 అనో. అది లేని సీటు ఎంత అందంగా ఉన్నా వద్దు.

వెనక్కి తిరిగా, ముందుకు తిరిగా?

ఏ బ్రాండ్ అనే దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. పుట్టినప్పుడు బిడ్డ ఒంటి పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. పెద్దవాళ్లలో అది సుమారు ఎనిమిదో వంతు. అంత పెద్ద తలని మోసే మెడ ఎముకలు ఇంకా మెత్తగా, గట్టిపడకుండా ఉంటాయి. ముందుకు తిరిగి కూర్చున్న పసివాడిని కారు ఆగినప్పుడు పట్టీలు భుజాల దగ్గర ఆపేస్తాయి, తల మాత్రం ముందుకు విసిరేసినట్టు పోతుంది. ఆ లాగుడంతా మెడ మీదే. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటు డొప్పలోకి ఒత్తుకుంటాయి. స్వీడన్‌లో ప్రొఫెసర్ బెర్టిల్ ఆల్డ్‌మన్ 1964లో ఇలాంటి మొదటి సీటు నమూనా తయారుచేశారు. రాకెట్ పైకి లేచేటప్పుడు అమెరికా జెమిని వ్యోమనౌకలోని వ్యోమగాములు వీపు ఆనించి పడుకోవడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. ఆ దేశంలో నాలుగేళ్ల దాకా పిల్లల్ని వెనక్కే తిప్పి కూర్చోబెట్టడం మామూలు.

ఇక్కడే ఆ రెండు స్టిక్కర్ల తేడా బయటపడుతుంది. పాత ఆర్44 బరువును బట్టి నడుస్తుంది. బిడ్డ 9 కిలోలు దాటితే ముందుకు తిప్పొచ్చంటుంది. మా వాడు పదో నెలకే 9 కిలోలు! కొత్త ఆర్129, అంటే ఐ-సైజ్, ఎత్తును బట్టి నడుస్తుంది. 15 నెలలు నిండకుండా ముందుకు తిప్పనివ్వదు. పక్క నుంచి గుద్దుకున్నప్పుడు ఏమవుతుందో కూడా పరీక్షిస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 సెప్టెంబరు నుంచి ఆర్44 సీట్ల అమ్మకం ఆపేశారు. మన దగ్గర రెండూ దొరుకుతున్నాయి. డబ్బు సర్దుబాటైతే ఆర్129 తీసుకోండి. కాకపోతే ఆర్44 సీటునే కొని, దాని మీద రాసిన హద్దు దాటనంతవరకూ వెనక్కే తిప్పి వాడండి.

"కాళ్లు ముడుచుకుపోతున్నాయి పాపం" అని మా అత్తయ్య వారానికోసారి అంటుండేవారు. పిల్లలకి అదో బాధ కాదు. మా వాడు బాసింపట్టు వేసుకుని కిటికీలోంచి లారీలు లెక్కపెట్టేవాడు.

బకెట్టా, కన్వర్టిబులా?

బకెట్ సీటు అంటే పిడి ఉన్న బుట్టలాంటిది. పుట్టినప్పటి నుంచి 13 కిలోల దాకా. కన్వర్టిబుల్ అంటే మొదట వెనక్కి, తర్వాత ముందుకు తిప్పుకునేది, 18 కిలోల దాకా, అంటే సుమారు నాలుగేళ్లు. మేము మొదట బకెట్ కొన్నాం. నిద్రపోతున్న బిడ్డను కదపకుండా బుట్టతో సహా ఇంట్లోకి తెచ్చుకోవచ్చని వీడియోల్లో చూసి.

తీరా చూస్తే మన ఇళ్లలో అలా బుట్ట మోసేవాళ్లెవరు? కారు ఆగీ ఆగకముందే తాతయ్య తలుపు తీసి ఎత్తేసుకుంటాడు. మూడో నెల వచ్చేదాకా పుట్టింట్లోనే గడిచింది, కారెక్కిందే ఆసుపత్రికీ టీకాలకీ. ఏడాది తిరిగేసరికి వాడి తల బుట్ట పై అంచుకు అంగుళం దూరంలోకి వచ్చేసింది. అంటే, కిలోల లెక్కలో ఇంకా మిగిలున్నా ఆ సీటు పని అయిపోయినట్టే. పైగా బుట్ట ఇంట్లోకి వస్తే పిల్లాణ్ని గంటలకొద్దీ అందులోనే నిద్రపుచ్చాలనిపిస్తుంది. చిన్నపిల్లలకి గడ్డం ఛాతీ మీదికి వాలి ఊపిరి ఆడటం కష్టమయ్యే ప్రమాదం ఉంటుంది కాబట్టి అది మంచిది కాదు. ప్రయాణంలోనైనా రెండు గంటలకోసారి ఆపి బయటికి తీయాలి. మాకు విజయవాడ హైవే మీద టీ ఎలాగూ రెండుసార్లు తప్పదు.

అందుకే సొంత కారున్న తెలుగింటికి నా ఓటు కన్వర్టిబుల్‌కే. ఒక షరతు. వెనక్కి తిరిగి కూర్చున్నప్పుడు భుజం పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో గానీ కాస్త కింద నుంచి గానీ రావాలి. కొన్ని కన్వర్టిబుళ్లలో అన్నిటికంటే కింది గాడి కూడా నెలల పిల్లల చెవుల దాకా ఉంటుంది. కొనేముందు అది చూసుకోండి. ముందుకు తిప్పాక లెక్క మారుతుంది, అప్పుడు భుజాల కంటే కాస్త పైనుంచి రావాలి. సొంత కారు లేక క్యాబుల్లో తిరిగేవాళ్లకి మాత్రం బెల్టుతో పెట్టుకునే బకెట్టే నయం. అలవాటయ్యాక నిమిషంలో పెట్టి తీసేయొచ్చు.

పుట్టుక నుంచి 36 కిలోల దాకా ఒకే సీటు అనే ప్రకటనలు చూస్తుంటాం. అన్నీ చేసేది ఏదీ సరిగ్గా చేయదని నా అనుమానం. నాలుగేళ్ల తర్వాత వీపున్న బూస్టర్, అంటే కారు బెల్టు సరిగ్గా పడేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు, విడిగా కొనుక్కోవడం మేలు.

ఐసోఫిక్సా, బెల్టా?

మా మొదటి సీటు బెల్టుది. చిల్లకల్లు టోల్‌గేట్ దగ్గర మలుపు తిరిగితే బుట్ట ఒక పక్కకి ఒరిగింది. దిగి చూస్తే నడుము బెల్టు నీలం గుర్తుల్లోంచి కాకుండా పక్క నుంచి పోయి ఉంది. బెల్టు ఏ దారిలో పోవాలో సీటు మీదే రంగు గుర్తులుంటాయి. వెనక్కి తిరిగి ఉంటే నీలం, ముందుకు తిరిగితే ఎరుపు. సెల్లార్ చీకట్లో మా ఆయనకి ఆ నీలం కనపడలేదు. రాత్రంతా బిగించానన్న మనిషి మొహం అప్పుడు చూడాల్సింది.

రోడ్డు పక్కనే మళ్లీ బిగించాం. ఆయన మోకాలు సీటులో పెట్టి ఒంటి బరువంతా వేసి కిందికి నొక్కితే, నేను అటు తలుపు నుంచి బెల్టును నీలం గాడిలో దూర్చి, బకిల్ పెట్టి, భుజం బెల్టు పట్టుకుని మెల్లిగా, వదలకుండా లాగాను. ప్రతి లాగుడుకీ రెండేసి అంగుళాల పట్టీ బయటికొచ్చింది. అంత వదులుందన్నమాట. ఇక రానని మొరాయించేదాకా లాగి, బెల్టు పోయే చోట సీటును పట్టుకుని ఊపి చూశాం. అక్కడ ఎటువైపైనా అంగుళానికి మించి కదలకూడదు. పైన తల వైపు కాస్త ఊగినా ఫర్వాలేదు.

బెల్టు పద్ధతితో ఇంకో రెండు చిక్కులున్నాయి. చిన్న కార్లలో బెల్టు పొడవు చాలక కొన్ని సీట్లను చుట్టి రాదు. కొన్నిట్లో బకిల్ కాడ పొడవుగా ఉండి, బకిల్ సరిగ్గా సీటు ప్లాస్టిక్ అంచు మీద వాలుతుంది. గుద్దుకున్నప్పుడు అది అక్కడ విరగొచ్చు. ఆ కారుకి ఆ సీటు పనికిరాదంతే.

ఐసోఫిక్స్‌లో ఈ గొడవ తక్కువ. కారు సీటు కింది దిండుకీ వీపుకీ మధ్య సందులో చెయ్యి పెడితే 28 సెంటీమీటర్ల ఎడంతో రెండు ఇనుప కడ్డీలు తగులుతాయి. బేబీ సీటు కొక్కేలు వాటికి టక్, టక్ మని రెండుసార్లు పడితే ఎర్ర గుర్తు పచ్చగా మారుతుంది. మూడో ఆధారం కూడా పెట్టాలి. అయితే వెనక నుంచి కట్టే పైపట్టీ, లేదంటే ముందు నేల మీద ఆనే కాలు. పైపట్టీని సామాను కట్టే కొక్కేనికి తగిలించేవాళ్లున్నారు, కారు పుస్తకంలో బొమ్మ చూసి అసలు కొక్కెం వెతుక్కోండి. కాలున్న సీటైతే, నేలలో సామాను అర ఉన్న కార్లలో ఆ మూత మీద కాలు పెట్టకూడదు.

సరిగ్గా బిగిస్తే రెండూ కాపాడతాయి. తేడా ఎక్కడంటే, బెల్టును తప్పుగా పెట్టడానికి పది దారులు, ఐసోఫిక్స్‌కి రెండు మూడే. కారులో కడ్డీలుంటే ఖర్చు ఎక్కువైనా ఐసోఫిక్సే కొనమంటాను. అదీ కలకాలం కాదు. సీటు, బిడ్డ కలిపి 33 కిలోలకు మించకూడదు.

అమెరికా నుంచి సీటు తెచ్చుకునేవాళ్లకి ఒక మాట. మా ఆడపడుచు టెక్సస్ నుంచి వస్తూ పాప సీటు తెచ్చింది. అక్కడి కార్లలో బెల్టును చివరిదాకా లాగి వదిలితే టిక్ టిక్ మంటూ లాక్ అయిపోతుంది. మన కార్ల బెల్టులు మామూలుగా అలా లాక్ కావు, గట్టి కుదుపు వస్తేనే పట్టేస్తాయి. ఎంత బిగించినా అరగంటకి వదులు. ఆ సీటుకే బెల్టును నొక్కి పట్టే క్లిప్పు ఉంటే సరి. లేకపోతే దాని కొక్కేల పట్టీని మన కారు ఐసోఫిక్స్ కడ్డీలకు తగిలించుకోవాలి. ఆ దారి మాకు రెండో రోజు గానీ తట్టలేదు.

ఏ సీటైనా వెనక వరసలోనే. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుండగా వెనక్కి తిరిగిన సీటు పెట్టడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. బ్యాగ్ విచ్చుకుంటే తగిలేది బిడ్డ తల వెనక డొప్పకే. ఇక పట్టీల సంగతి. బకిల్ పెట్టాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి, మడత అందితే ఇంకా వదులున్నట్టు. ఎండాకాలంలో బయట నిలిపిన కారైతే ముందు ఆ బకిల్‌ని మీ చేత్తో ముట్టుకుని చూడండి, చుర్రుమంటుంది. ఎక్కేదాకా సీటు మీద తెల్ల తువ్వాలు కప్పి ఉంచడం మా అలవాటు.

రెండో సీటుని మాత్రం కొట్టుకే వెళ్లి కొన్నాం. కారులో పెట్టి చూపించమంటే మొదటి కొట్టతను "అన్ని కార్లకీ పడుద్దండీ" అని కౌంటర్ దగ్గర్నుంచి కదల్లేదు. బయటికొచ్చేశాం. రెండో కొట్లో కుర్రాడు విసుక్కోకుండా ఒకదాని తర్వాత ఒకటి మూడు సీట్లు రోడ్డు దాకా మోసుకొచ్చాడు. మొదటిది వెనక్కి తిప్పితే డ్రైవర్ సీటు మా ఆయన మోకాళ్లకి స్టీరింగ్ తగిలేంత ముందుకొచ్చింది. రెండోదాని కాలు నేలకి ఆనలేదు. మూడోది టక్, టక్ మంది, రెండు వైపులా పచ్చ. అడుగున పట్టుకుని గట్టిగా ఊపాను. సీటు కదల్లేదు, కారే ఊగింది. కార్డు తీసిచ్చాను.