సంక్రాంతికి స్నేహితులకి ఏది మేలు: అరిసెలా, మలై కాజాలా, ఉదయగిరి చెక్క గరిటెలా?

డిసెంబరు సగం దాటిందంటే నెల్లూరు, ఒంగోలు వైపు ఈ ప్రశ్న మొదలవుతుంది. ఏడాది పొడుగునా అండగా నిలబడ్డ స్నేహితుడికి పండక్కి ఏమిస్తే బాగుంటుంది? అర్ధరాత్రి వచ్చి రక్తం ఇచ్చినవాడు, చిట్టీ పాటకి జామీను సంతకం పెట్టినవాడు, నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ క్యారియర్ మోసినవాడు. నోటితో థాంక్స్ అంటే "మనలో మనకి ఏందిరా అది" అని తిడతాడు. చేతిలో ఏదో ఒకటి పెట్టాల్సిందే.

చాలామంది ముందు ధర చూస్తారు, తర్వాత రుచి చూస్తారు. వాటికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది: మనం ఇచ్చే రోజుకి ఆ ఇంట్లో ఏముంది? భోగి నాటికి పిండివంటలు చేసుకునే ప్రతి ఇంట్లో డబ్బాలు నిండి ఉంటాయి. ఆ రోజు అరిసెలు పట్టుకెళ్ళడమంటే నెల్లూరోళ్ళింటికి చేపల పులుసు పంపినట్టే. మర్యాదకి ఒకటి తుంచి నోట్లో వేసుకుంటారు, మిగతావి సాయంత్రానికి ఇంకో ఇంటికి వెళ్తాయి.

అవే అరిసెలు కొన్ని ఇళ్ళకి మాత్రం వేరే ఏదీ సాటి రానంత విలువైనవి. ఏటిసూతకంలో ఉన్న ఇల్లు మొదటిది. ఆ ఏడాది పండగ చెయ్యరు, పిండివంటలకి బాండలి పెట్టరు. చుట్టాలూ స్నేహితులూ తెచ్చిస్తేనే పిల్లల నోట్లోకి అరిసె వెళ్ళేది. (పెద్దకర్మ ఇంకా కాకపోతే ఆగాలి. అయిపోయినా, ఇంట్లో పెద్దవాళ్ళని ఒక మాట అడిగి పంపడం పద్ధతి.) పండగ రోజుల్లోనే డ్యూటీ పడేవాళ్ళు రెండో రకం: ఆర్టీసీ డ్రైవర్లు, నర్సులు, కానిస్టేబుళ్ళు, కృష్ణపట్నం పోర్టులో షిఫ్టులు చేసేవాళ్ళు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ, చేసిపెట్టే పెద్దవాళ్ళు దగ్గర లేని ఇళ్ళు మూడోది.

అరిసెలు చేసే పనైతే లెక్క ఇది. కిలో బియ్యానికి 750 గ్రాముల బెల్లం, గుప్పెడు నువ్వులు, రెండు గరిటెల నెయ్యి. అరచేతి వెడల్పువి నలభై దాకా వస్తాయి. ఇంటికి పది చొప్పున నాలుగిళ్ళకి సరి. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి. వడేసి, గుడ్డ మీద పావుగంట ఆరనిచ్చి, చెమ్మ ఉండగానే పట్టించి జల్లించాలి. పిండి గుప్పిట పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి. పాకం పట్టే లోపు ఆరిపోకుండా గిన్నెలో అదిమి మూత పెట్టాలి. కొట్లో దొరికే పొడి బియ్యప్పిండితో మొదలుపెడితే అరిసె అంచులు పగులుతాయి, మర్నాటికి గట్టిపడుతుంది.

పాకం నీళ్ళ పళ్ళెంలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి, పైకి తీస్తే కొంచెం సాగాలి. అప్పుడే దించి పిండి పోస్తూ కలపాలి. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయవుతుంది. మొదటిది ఒక్కటే వేసి చూడండి. విచ్చిపోతే చలిమిడిలో రెండు చెంచాల తడిపిండి కలపాలి, గట్టిగా ఉంటే వేడి పాలు చిలకరించి మర్దించాలి. మంట మధ్యస్థంగా ఉండాలి. చెక్కల మధ్య గట్టిగా నొక్కి నూనె పిండాక గంటల తరబడి ఆరనివ్వాలి. ఇదివరకు వరిగడ్డి మీద పరిచేవాళ్ళు. వేడి మీద డబ్బాలో పెడితే ఆవిరి పట్టి నాలుగో రోజుకి బూజు వస్తుంది. బాగా ఆరినవి పదిహేను రోజులు నిలుస్తాయి. ఇంకొకటి, అరిసెలూ చక్రాలూ ఒకే డబ్బాలో పెట్టొద్దు. అరిసెల చెమ్మకి చక్రాలు మెత్తబడతాయి. షుగరున్న స్నేహితుడికైతే చక్రాలు ఒక్కటే, వేరే డబ్బాలో.

చేసే ఓపిక లేకపోతే ఇంటి దగ్గర చేసి అమ్మే ఆడవాళ్ళకి పది రోజుల ముందే చెప్పుకోవాలి. భోగికి రెండు రోజుల ముందు అడిగితే వాళ్ళేం చేస్తారు?

నెల్లూరు మిఠాయి మలై కాజా సంగతి వేరు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి అది ఎప్పుడూ దొరికేదే, పండక్కి ఇచ్చినా కొత్తేమీ లేదు. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళకే దాని విలువ. కనుమ నాడు కాకైనా కదలదు కాబట్టి హైదరాబాదు, చెన్నై, బెంగళూరు స్నేహితులు ముక్కనుమ నాడు బస్సెక్కుతారు. ఆ రోజు కొని ఇవ్వాలి, అంతకుముందు కాదు. కోవా ఉన్న మిఠాయి కదా, జనవరి చలిలో కూడా రెండు రోజులు దాటితే పులుపు వాసన మొదలవుతుంది. నెల్లూరు నుంచి చెన్నై మూడు నాలుగు గంటల దారి, ఇబ్బంది లేదు. హైదరాబాదుకి రాత్రి బస్సులో వెళ్తే తెల్లారేసరికి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పెట్టె అడ్డంగా, పైన బరువు లేకుండా ఉండాలి. నిలబెడితే పాకం కారి బట్టలన్నీ అంటుకుంటాయి. పెట్టెని ఒక కవర్లో పెట్టి ముడేసి, కింద వార్తాపత్రిక మడిచి వెయ్యండి. ఫ్రిజ్‌లోంచి తీశాక గంట బయట ఉంచి తినమని చెప్పాలి. చల్లగా తింటే పాకం బిగుసుకుని పిండిముద్ద తిన్నట్టుంటుంది.

నెల్లూరు వైపున్న ఉదయగిరిలో చేసే చెక్క సామాను: గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు, దువ్వెనలు. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉన్న పనితనం. తిండి వస్తువు కాదు కాబట్టి రోజు లెక్క లేదు, పండగ దాటాక ఇచ్చినా చెల్లుతుంది. కొనేటప్పుడు పిడి పొడుగునా చెక్క గీతలు నిలువుగా పోతున్నాయేమో చూడాలి; అడ్డంగా ఉంటే మెడ దగ్గర విరుగుతుంది. వంటకి వాడేదానికి వార్నీషు వాసన రాకూడదు. ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పాలి: నీళ్ళలో నానబెట్టొద్దు, కడగగానే తుడిచి నీడన ఆరబెట్టు. నెలకోసారి కొబ్బరినూనె రాస్తే పగుళ్ళు రావు. ఆస్ట్రేలియా వెళ్ళే స్నేహితుడికైతే దిగేటప్పుడు చెక్క వస్తువుందని ఫారంలో రాయమనాలి. బెరడు గానీ పుచ్చు రంధ్రం గానీ ఉంటే అక్కడ ఆపేస్తారు.

డ్రై ఫ్రూట్ పెట్టెలు ఆఫీసు వాళ్ళ కోసం. స్నేహితుడికి ఇస్తే అది తిరిగి తిరిగి నాలుగిళ్ళు చూస్తుంది. బట్టలు పెడితే మర్యాద పెద్దదైపోయి, వాళ్ళూ పెట్టాల్సి వస్తుంది. వాట్సాప్ ముగ్గు బొమ్మ గురించి చెప్పడానికేం లేదు.

మూడింటిలో ఒక్కటే చెప్పమంటే అరిసెలే, ఇల్లు చూసి ఇస్తే. అయితే స్టీలు డబ్బాలో ఇవ్వొద్దు. మన వైపు ఖాళీ డబ్బా తిరిగి పంపరు, అందులో ఏదో ఒకటి పెట్టే పంపుతారు. కృతజ్ఞతగా ఇచ్చింది అవతలివాళ్ళకి పనిగా మారుతుంది. తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చే పద్ధతి నెల్లూరు వాళ్ళకి తెలియనిదా? మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు అందుకుంటారు. ఇచ్చినవాడికి తిరిగి రావాల్సిందేమీ ఉండదు. అందుకున్నవాడు తన కోరిక తీరాక ఇంకెవరికో ఇస్తాడు. అట్టపెట్టెలో అడుగున నూనె కాగితం వేసి, వరసకీ వరసకీ మధ్య ఇంకొకటి పరిచి ఇస్తే చాలు.

పైన ఒక చీటీ పెట్టండి. "సంక్రాంతి శుభాకాంక్షలు" అని కాదు. "ఆగస్టులో మా అమ్మకి ప్లేట్‌లెట్లు దొరకనప్పుడు నువ్వొచ్చావు" అని, జరిగింది జరిగినట్టు ఒక్క లైను. అది నూనె అంటకుండా మూత మీద అతికించాలి, లోపల వెయ్యకూడదు.