యజ్ఞశ్రీ వెండి నాణెం పేరుతో పోత పోసిన నకిలీలు అమ్ముతున్నాడు, కొనకండి

శాతవాహన నాణేలు సేకరించే అందరికీ చెబుతున్నాను. గోదావరి ఒడ్డున శాతవాహన నాణేలు దొరికే ఊరి పేరు చెప్పి 'కోటిలింగాల సరుకు' అంటూ వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి అమ్ముతాడే, పేరు రాయక్కర్లేదు, మీలో సగం మంది అతని దగ్గర కొన్నవాళ్లే. అతనికి ఇక ఒక్క రూపాయి పంపకండి. నాకు 18,000 పోయింది. విజయవాడలో ఉన్న మిత్రుడికీ అంతే పోయింది. ఇంకెంతమందికి పోయిందో!

ఇంతకుముందు అతని దగ్గర సీసం నాణేలు, ఏనుగు బొమ్మ పొటిన్ (రాగిలో సీసం, తగరం కలిపిన లోహం) నాణేలు తీసుకున్నాను. అవన్నీ అసలైనవే, ధరా తక్కువే. నమ్మకం కుదిరాక శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి తల బొమ్మ వెండి నాణెం బయటికి తీశాడు. "అన్నా, మీకోసమే పక్కన పెట్టా, వేరేవాళ్లకి చూపించను కూడా లేదు" అన్నాడు. ఆ నాణెం అంటే మనందరికీ ఎంత ఆశో తెలుసుగా. శాతవాహనుల నాణేల్లో ఎక్కువ భాగం సీసం, రాగి, పొటిన్. పశ్చిమ భారతాన్ని ఏలిన శక రాజులు, అంటే పశ్చిమ క్షత్రపుల పద్ధతిలో వెండి మీద రాజు ముఖం కొట్టించినవి కొద్దిగానే ఉంటాయి. ఒకవైపు రాజు తల, చుట్టూ బ్రాహ్మీలో 'రఞో గోతమిపుతస సిరి యఞ సాతకణిస', అంటే 'గౌతమీపుత్ర శ్రీ యజ్ఞ శాతకర్ణి రాజుది' అని. రెండోవైపు ఉజ్జయిని గుర్తు (కూడిక గుర్తు నాలుగు చివర్లా నాలుగు వలయాలు), కమానులు పేర్చినట్టుండే కొండ బొమ్మ. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి మన రాజు ముఖాన్ని అరచేతిలో పెట్టుకుని చూడొచ్చు. ఆ ఆశ మీదే దెబ్బ కొట్టాడు.

నాణెం వచ్చిన కొద్దిరోజులకే విజయవాడ మిత్రుడు "నాకూ ఒకటి దొరికింది" అంటూ సంబరంగా ఫోటో పంపాడు. ఫోన్‌లో ఆ ఫోటో, పక్కనే భూతద్దం కింద నా నాణెం. రాజు చెవి కింద సూది మొన పట్టేంత గుండ్రటి గుంట. అతని దాంట్లోనూ సరిగ్గా అక్కడే. కుడివైపు అంచున చిన్న పగులు, మొదట లోపలికి వెళ్లి తర్వాత పైకి వంగుతుంది. అతనిదీ అలాగే వంగింది. 'పు' అక్షరం సగం అంచు బయటికి పోయింది, రెండింట్లోనూ అదే సగం. నా చేతులు వణికాయి.

ఒకే అచ్చుతో కొట్టారేమో అంటారు కొందరు. అచ్చు ఒకటే అయితే బొమ్మ ఒకేలా ఉంటుంది, అంతే. ఆ రోజుల్లో లోహపు బిళ్లను అచ్చు మీద పెట్టి చేత్తో సుత్తి దెబ్బ వేసేవారు. బిళ్ల ఆకారం, బొమ్మ ఎటు జరిగింది, అంచు ఎక్కడ పగిలింది, ఇవి ప్రతి దెబ్బకీ మారతాయి. ఆ తర్వాత వందల ఏళ్ల అరుగుదల వేరే. నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో 1906లో బయటపడ్డ నిధిలో 13,000కు పైగా క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలున్నాయి. వాటిలో 9,000కు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. వాటిలోనూ కింది పాత బొమ్మ ఒక్కో నాణెంలో ఒక్కో చోట మిగిలి ఉంటుంది. పగులుతో సహా రెండు నాణేలు కలిశాయంటే, ఒక అసలు నాణెం నుంచి మూస తీసి పోత పోశారని అర్థం. చెవి కింద గుంట పోతలో చిక్కుకున్న గాలి బుడగ. అది మొదట పోసిన నమూనాలోనే ఉండిపోయింది కాబట్టి ప్రతి నకిలీలోనూ వస్తోంది. అక్షరాల అంచులు కూడా వాడగా అరిగిన సబ్బు బిళ్ల మీది రాతలా మెత్తబడ్డాయి.

మరీ దారుణం ఏంటంటే బరువు సరిగ్గానే ఉంది. ఈ రకం నాణేలు సుమారు 2 గ్రాములుంటాయి, నాది 2.04. అందుకే దారంతో కట్టి నీళ్లలో వేలాడదీసి తూచాను. వెండి అయితే 0.2 గ్రాము లోపే తగ్గాలి, ఇది 0.27 తగ్గింది. 2.04ని 0.27తో భాగిస్తే సాంద్రత దాదాపు 7.5. వెండికి 10.5, రాగికి 8.96. ఆ రెండూ ఏ పాళ్లలో కలిపినా 7.5 రాదు. మర్నాడు టంచ్ (లోహం స్వచ్ఛత) చూసే దుకాణంలో మెషిన్ కింద పెట్టిస్తే ఎక్కువ భాగం తగరం అని తేలింది. దూదికి అసిటోన్ అద్ది తుడిస్తే పైనున్న నల్లటి పొర మొత్తం దూదికి అంటుకుంది. మట్టిలో వందల ఏళ్లుండి ఏర్పడిన పొర అలా ఊడిరాదు.

ఫోన్ చేశాను. కోపంగా కాదు, మర్యాదగానే, "బాబూ, నీకు కూడా ఎవరో అంటగట్టి ఉంటారు, వెనక్కి తీసుకో" అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత అతనన్న మాట ఇంకా చెవిలోనే ఉంది: "నీకు నాణేలు చూడ్డం చాతకాకపోతే నేనేం చెయ్యను? ముసలాడివి, ఇంట్లో కూర్చుని మనవళ్లతో ఆడుకో." ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే నంబరు బ్లాక్. డబ్బు సంగతి అలా ఉంచండి, ఇన్నాళ్లూ "అన్నా, అన్నా" అంటూ బ్రాహ్మీ అక్షరాలు నా దగ్గరే చదివించుకున్న కుర్రాడు ఆ మాట అన్నాడు. దానికే నాకు నిద్ర పట్టడం లేదు.

కోటిలింగాల పేరు వాడుకోవడం ఇంకో దుర్మార్గం. శాతవాహన తొలి రాజు చిముకుడి పేరున్న నాణేలు దొరికిన గోదావరి ఒడ్డు అది. పొలం దున్నుతుంటే దొరికిందని కథ చెప్పేవాళ్లను ఒకటే అడగండి: కలెక్టరుకు చెప్పారా? 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు మించిన ఏ నిధి దొరికినా చెప్పాల్సిందే. వందేళ్లు దాటిన నాణేలతో వ్యాపారం చేయాలంటే 1972 పురావస్తువుల చట్టం కింద లైసెన్సూ ఉండాలి. కథ నిజమైతే నేరం, అబద్ధమైతే మోసం.

కొనేవాళ్లు డబ్బు పంపే ముందు అంచు ఫోటో, బరువు చూపే ఫోటో అడగండి. అదే రకం వేరేవాళ్ల దగ్గరుంటే పక్కన పెట్టి పోల్చండి. చాటింగ్ చెరిపేయకండి. నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, మిత్రుడూ ఇస్తున్నాడు. ఇతని దగ్గర యజ్ఞశ్రీ నాణెం తీసుకున్నవాళ్లు ఇంకెవరైనా ఉంటే రాజు చెవి కింద ఒకసారి చూసి నాకు రాయండి. ఫిర్యాదులు ఎన్ని ఎక్కువైతే పోలీసులు అంత త్వరగా కదులుతారు.