అవధాన వేదికా, రాతబల్లా?

పద్యం ఎక్కడ బాగా పుడుతుంది? అష్టావధానంలో అప్పటికప్పుడు పద్యాలు చెప్పే అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, కూర్చుంటారు. ఒకరు సమస్య, అంటే పద్యంలో ఒక పాదం ఇచ్చి, మిగతాది పూరించమంటారు. మరొకరు నాలుగు పదాలిచ్చి, అవి వచ్చేలా పద్యం చెప్పమంటారు, అది దత్తపది. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడైతే అవధాని వేయబోయే అక్షరాన్ని ముందే పసిగట్టి, అది వద్దంటాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి "అవధానిగారూ, ఇవాళ మీ ఇంట్లో కూరేంటండీ?" అని అడ్డొస్తాడు. మామూలుగా ఆవృత్తికి, అంటే ఒక్కో చుట్టుకు, ఒక పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తవుతాయి. చివర్లో అన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి. చేతిలో కాగితం, కలం ఉండవు.

ఇక్కడ స్ఫూర్తి కోసం ఎదురుచూసే తీరికే లేదు. విచిత్రమేమిటంటే, అక్షరాన్ని నిషేధించినప్పుడే మనసు అలవాటైన మాట వదిలి కొత్తదాన్ని వెతుక్కుంటుంది. చాలామంది దీన్ని సరస్వతీ కటాక్షం అంటారు. నాకు మాత్రం అందులో నోటికొచ్చిన వందల పద్యాలు, ఏళ్ల తరబడి చేసిన ఛందస్సు సాధన కనిపిస్తాయి.

రాతబల్ల దగ్గర ఈ టెన్షన్ లేదు. కొట్టేయొచ్చు, వారం ఆగొచ్చు. గజేంద్రమోక్షం దగ్గర పోతన కలం ఆగిపోతే, ఆయన బయటికెళ్లిన వేళ రాముడే వచ్చి పద్యం పూర్తి చేశాడని కథ. కాసేపు లేచి వెళ్లాకే మాట దొరకడం రాసేవాళ్లకు అనుభవమే.

నన్నడిగితే, చదువుకోవడానికి బల్ల మీద పుట్టిన పద్యానికే నా ఓటు. వేదిక మీద చప్పట్లు కొట్టించిన పూరణ అచ్చులో చూస్తే ఒక్కోసారి చప్పగా ఉంటుంది. అయినా ఊళ్లో అవధానం ఉందంటే ముందు వరుసలో కూర్చునేది నేనే.