ఆరు సీజన్ల తర్వాత నా 308 రైఫిల్ మీద స్కోప్ సంగతి

మాది డాలస్. వేటకు టెక్సస్‌లోనే ల్యానో వైపు లీజు స్థలానికి వెళ్తాం, నాలుగు గంటల దారి. నవంబరు మొదటి శనివారం జింకల సీజన్ మొదలవుతుంది, అడవి పందులకైతే సీజన్ అంటూ లేదు. (మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో సరదా వేటకు తెరపడింది కాబట్టి, ఇదంతా నేను ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నదే.) రైఫిల్ రెమింగ్టన్ 700, 308 తూటా. స్కోప్ (గురి చూసే దూరదర్శిని) లూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్, 3-9x40, అంటే 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు.

స్కోప్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. బాగుంది, ఆరేళ్లుగా బాగుంది. నన్ను ఏడిపించింది దాన్ని రైఫిల్‌కి పట్టి ఉంచే నాలుగు డాలర్ల స్క్రూలు.

మొదట ఒక షాపులో బిగించి ఇచ్చారు. ఇంటికొచ్చి బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) మూస్తే గట్టిగా పట్టేస్తోంది. ముందు వైపు బేస్‌కి (స్కోప్ కింద రైఫిల్‌కి బిగించే పట్టీ) పొడుగు స్క్రూ వేశారు, అది లోపలికి పొడుచుకొచ్చి బోల్ట్‌కి తగులుతోంది. దాన్ని మార్పించుకున్నాను. ఆ తర్వాత రేంజ్‌లో వంద గజాల దగ్గర మూడు గుళ్లు మూడు దిక్కులకు పోయాయి, వాటి మధ్య దూరం అయిదంగుళాలు. తూటాలు మార్చాను. స్కోప్‌ని తిట్టుకున్నాను. పక్క బెంచీలో ఉన్న పెద్దాయన లేచి వచ్చి, ఏమీ అడక్కుండా స్కోప్ పట్టుకుని ఊపాడు. కదిలింది! బేస్ స్క్రూలు వదులు.

ఆ రోజే అంతా విప్పేసి ఇంట్లో నేనే బిగించాను. స్క్రూలకూ రంధ్రాలకూ ఉన్న నూనెను ఆల్కహాల్‌తో తుడిచి, బేస్ స్క్రూలకు మాత్రం స్క్రూలు వదులవకుండా పట్టి ఉంచే నీలం రంగు లాక్‌టైట్ జిగురు ఒక్క చుక్క. స్కోప్ గొట్టాన్ని బేస్‌కి పట్టి ఉంచే రింగుల మూతలకు కంపెనీ కాగితం మీద బిగింపు 18 ఇంచ్-పౌండ్లు అని ఉంది. చేతి అంచనాకు వదిలేయకుండా, బిగింపు కొలిచే టార్క్ డ్రైవర్ కొన్నాను. రింగులు వీవర్ రకం, బేస్ పికటినీ, రెండూ దాదాపు ఒకేలా ఉండే వేర్వేరు కొలతల పద్ధతులు. గాడి వెడల్పు వీవర్‌కి 0.180 అంగుళాలు, పికటినీకి 0.206. కాబట్టి రింగు పట్టినా కొంచెం ఆట ఉంటుంది. దాన్ని గాడి ముందు గోడకు ఆనేదాకా తోసి బిగించాలి, లేకపోతే పేలిన ప్రతిసారీ రింగే ముందుకు కదులుతూ పోతుంది. ఇది తప్పించుకోవాలంటే రెండూ ఒకే రకం కొనండి.

స్కోప్‌లో కనిపించే నిలువు గీత సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి తాపీ మేస్త్రీ పద్ధతే: దూరంగా దారానికి గుండు కట్టి వేలాడదీసి, గీతను దానికి కలిపాను. కంటి దూరం (కంటికీ స్కోప్‌కీ మధ్య ఖాళీ) మాత్రం పడుకుని కాల్చేటప్పుడు కూడా సరిచూసుకోవాలి. నేను కూర్చుని చూసుకుని ఊరుకున్నాను. పేలినప్పుడు స్కోప్ వెనక్కి తన్ని తగిలింది; నా కుడి కనుబొమ్మ మీద చంద్రవంకలాంటి మచ్చ దాని ఫలితమే, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

జీరో చేసేటప్పుడు (గురి పెట్టిన చోటే గుండు పడేలా స్కోప్‌ని సవరించేటప్పుడు) 25 గజాలతో మొదలుపెట్టాను. గుండు మూడంగుళాలు ఎడమకు పడింది. స్కోప్ మీది సవరింపు మర ఒక్కో క్లిక్ పావు అంగుళం కదా అని పన్నెండు తిప్పితే ముక్కాలు అంగుళమే జరిగింది. ఆ పావు అంగుళం లెక్క వంద గజాలకు. 25 దగ్గర అందులో నాలుగో వంతే, అంటే 48 క్లిక్‌లు కావాలి. పన్నెండు తూటాలు తగలేశాక తట్టింది నాకు.

అప్పటి నుంచి ఏటా అక్టోబరులో మూడు గుళ్లు కాల్చి చూస్తాను. ఆరేళ్లలో రెండు క్లిక్‌లకు మించి సవరించలేదు. రైఫిల్ ట్రక్కు వెనక గుంతల రోడ్ల మీద ఎగిరింది, ఒకసారి చెట్టు మచాన్ మీంచి బెల్టు జారి కింద పడింది కూడా. అసంతృప్తి ఒక్కటే: చీకటి పడే వేళ 9 రెట్లు పెడితే బొమ్మ మసకబారుతుంది. అందుకని సాయంత్రం అయిదు దాటాక ఆరు రెట్ల దగ్గరే ఉంచేస్తాను.