కటౌట్ ఫొటోలు (బ్యాక్‌గ్రౌండ్ తీసేసినవి) చేయించుకునేవాళ్లు జాగ్రత్త, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద శాంపిల్ చూసి డబ్బు కట్టకండి

నేను ఇంటి దగ్గర నుంచే చిలకలపూడి వన్ గ్రామ్ గోల్డ్ నగలు అమ్ముతాను. శ్రావణమాసం పోస్టర్ల కోసం మా పెదనాన్న కూతురికి జుంకాలూ మాటీలూ పెట్టి, మేడ మీద తెల్ల దుప్పటి కట్టి 140 ఫొటోలు తీశాను. బ్యాక్‌గ్రౌండ్ తీసే పని ఆన్‌లైన్‌లో దొరికిన ఒకతనికి ఇచ్చాను. ఫొటోకి 30 చొప్పున 4,200 రూపాయలు, సగం అడ్వాన్సు. అతని పేరు చెప్పను, ఈ పద్ధతిలో పనిచేసేవాళ్లు ఇంకా ఉండే ఉంటారు కాబట్టి పద్ధతే చెప్తాను.

శాంపిల్‌గా ఐదు పంపాడు, అన్నీ తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీదే. భలే ఉన్నాయి, ఒక్క వెంట్రుక కూడా తెగలేదు. నేను మురిసిపోయి మిగతా డబ్బు కూడా అప్పుడే వేసేశాను. పప్పులో కాలేసింది అక్కడే. అన్నీ వచ్చాక ఒకటి తీసి మెరూన్ పోస్టర్ మీద పెట్టానో లేదో, జుట్టు చుట్టూ, చెవి చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీత. మా అమ్మ ఫోన్‌లో చూసి "పిల్ల చెవికి పిండి అంటుకుందేంటే, తుడిచి తీయొచ్చుగా" అంది.

అడిగితే ముందు నా ఫోన్ బ్రైట్‌నెస్ ఎక్కువుందన్నాడు, తర్వాత పోస్టర్ రంగు మార్చుకోమన్నాడు, ఆఖరికి ఫొటోలు తీయడమే సరిగ్గా రాలేదన్నాడు. ఆ ఆఖరి మాటలో కాస్త నిజముంది. వెనక ఆకాశం వెలుగు బాగా పడిన కొన్ని ఫొటోల్లో జుంకాల అంచుకి ఊదారంగు పొర వచ్చింది. ఒక్కో రంగు కాంతిని లెన్స్ ఒక్కో చోట ఫోకస్ చేయడం వల్ల వచ్చేది అది, ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ యాప్‌లో డీఫ్రింజ్ స్లైడర్లతో కటింగ్‌కి ముందే తగ్గించుకోవచ్చు. తెల్ల గీత సంగతి వేరు. అంచు పిక్సెళ్లలో కొంత జుట్టు రంగు, కొంత వెనకున్న దుప్పటి రంగు కలిసి ఉంటాయి, కోసేటప్పుడు ఆ తెలుపు కూడా అంటుకునే వచ్చేస్తుంది. తెలుపు మీద తెలుపు ఎవరికి కనిపిస్తుంది చెప్పండి!

పైగా ఇచ్చినవి ఉత్త పీఎన్‌జీలు. మాస్క్ (ఏది కనిపించాలో ఏది దాగాలో చెప్పే పొర) ఉన్న పీఎస్‌డీ, అంటే ఫొటోషాప్ ఫైల్ అయితే అంచుని ఒక పిక్సెల్ లోపలికి జరుపుకునేదాన్ని. అడిగితే అది "వేరే ప్యాకేజీ" అట.

ఇప్పుడు మా తమ్ముడూ నేనూ రాత్రుళ్లు కూర్చుని బాగుచేసుకుంటున్నాం. ఫొటోషాప్‌లో లేయర్ మెనూలో మ్యాటింగ్ అని ఉంటుంది, అందులో డీఫ్రింజ్ (పేరొకటే గానీ లైట్‌రూమ్‌ది కాదు, ఇది అంచు రంగుని లోపలి రంగుతో మారుస్తుంది) 1 పిక్సెల్ ఇస్తే భుజాలు, జాకెట్ అంచులు శుభ్రంగా వచ్చేశాయి. మొండిగా ఉన్నవాటికి అక్కడే ఉన్న రిమూవ్ వైట్ మ్యాట్ పనిచేసింది. ఆశకొద్దీ 2 పిక్సెళ్లు ఇచ్చి చూస్తే మాటీల సన్న గొలుసు మెరుపంతా పోయి మట్టిరంగులోకి తిరిగింది, నగలమ్మేవాళ్లు ఆ పని మాత్రం చేయకండి. విరబోసుకున్న జుట్టుకి ఇవేవీ చాల్లేదు. ఒరిజినల్ ఫొటో తెరిచి, సెలెక్ట్ అండ్ మాస్క్‌లో జుట్టు మళ్లీ పట్టుకుని డీకంటామినేట్ కలర్స్ (అంచుకి అంటిన వెనక రంగు తీసేది) టిక్ పెడితేనే లొంగింది. అంటే డబ్బిచ్చి చేయించిన పనే మళ్లీ మొదటి నుంచి మేం చేసుకుంటున్నామన్నమాట.

మీరెవరికైనా ఇచ్చేటట్టయితే వాళ్ల శాంపిల్ చూడకండి, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే కష్టమైన ఫొటో ఒకటి, రేగిన జుట్టో సన్న గొలుసో ఉన్నది పంపి, నలుపు మీదా మీ పోస్టర్ రంగు మీదా పెట్టి ఇమ్మనండి. దాన్ని ఫోన్‌లో కాదు, కంప్యూటర్‌లో 100 శాతం జూమ్‌లో చూడండి. మాస్క్ ఫైల్ ఇస్తారో లేదో అడ్వాన్సుకి ముందే మెసేజ్‌లో రాయించుకోండి, ఫోన్లో అన్న మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

నిన్న రాత్రి అతని దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, రివిజన్‌కి ఫొటోకి ఇంకో 15 రూపాయలు అవుతుందట. మాకింకా 61 ఫొటోలున్నాయి, వరలక్ష్మీ వ్రతం వచ్చే శుక్రవారమే.