గూగుల్ స్కాలరా, జేస్టోరా?

రాజకీయ బ్లాగుల ప్రభావం మీద పరిశోధనలు కావాలంటే నేను ముందు పరిశోధన పత్రాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలరే తెరుస్తాను. 2004 అమెరికా ఎన్నికల బ్లాగుల మీద అడమిక్, గ్లాన్స్ 2005లో రాసిన పేపర్‌నే తీసుకోండి. అందులో ఒక బొమ్మ ఉంటుంది: ఒక పక్క నీలం చుక్కల గుంపు, ఇంకో పక్క ఎర్ర చుక్కల గుంపు, మధ్యలో పల్చగా గీతలు. ఉదారవాదులూ (నీలం), సంప్రదాయవాదులూ (ఎరుపు) ఎక్కువగా తమవాళ్లకే లింకులు ఇచ్చుకున్నారన్నమాట. అది వర్క్‌షాప్ పేపర్, అంటే జర్నల్‌లో కాక ఒక చిన్న సదస్సులో సమర్పించింది. అలాంటివి స్కాలర్‌లోనే తేలిగ్గా తగులుతాయి. దాని కింద ‘సైటెడ్ బై’ నొక్కితే, తర్వాత దాన్ని ప్రస్తావించినవన్నీ వరస కడతాయి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. మధ్యలో కొంత చెత్త కూడా వస్తుంది లెండి.

జేస్టోర్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఆ గోల తక్కువ. ఎక్కువగా జర్నల్ వ్యాసాలు, పుస్తకాలే. బ్లాగులు చదివే జనం తక్కువే అయినా, విలేకరులు చదువుతారు కాబట్టే వాటికి పలుకుబడి వచ్చిందని ఫారెల్, డ్రెజ్నర్ 2008లో ‘పబ్లిక్ ఛాయిస్’ పత్రికలో వాదించారు. ఇలాంటి వ్యాసాలను నింపాదిగా చదవడానికి అదే మేలు. ఉచిత ఖాతాతో నెలకు 100 దాకా తెర మీద చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ మాత్రం కుదరదు. చాలా పత్రికల కొత్త సంచికలు అక్కడికి చేరేసరికి ఏళ్లు పడుతుంది. ట్విటర్, వాట్సాప్ కాలపు పరిశోధన కావాలంటే మళ్లీ స్కాలర్‌కే రావాలి.